చావు నీళ్లు

చంద్రవ్వను మండలివాళ్లు పట్టుకుపోయింది ఒక శుక్రవారం, మధ్యాహ్నం సైరన్‌కు పావుగంట ముందు. ఆ పావుగంటను ఏసుదానం ఆ తర్వాత చాలా ఏళ్లు మనసులో తిరగేసుకున్నాడు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. అతనికి పద్దెనిమిదేళ్లు. వాళ్ల బాపు వీరస్వామి ఊరి నీరడి. కాలువ తూము దగ్గర కూర్చుని, ఎవరి వంతు వస్తే వాళ్ల పొలానికి నీళ్లు వదిలేవాడు. మోకాళ్లు పట్టేసి బాపు మంచాన పడ్డాక ఆ పని కొడుకు మీదికి వచ్చింది.

బోధన్ చుట్టుపక్కల చెరుకు పండే ఊళ్లన్నీ అప్పుడు చెరుకు మండలి చేతిలో ఉండేవి. కరువు ఏడాది నీళ్లు పంచుతామని వచ్చిన మండలి, కరువు పోయినా తాను పోలేదు. హద్దు వంతెనల మీద చౌకీలు పెట్టింది. చేదబావులకు తాళాలు వేసింది. చెరుకు తప్ప ఇంకేదీ పండించరాదంది. పద్దెనిమిది నిండిన ప్రతి పిల్లకూ పిలగానికీ జోడీ చీటీ రాసేది. కోతకు మనుషులు తక్కువైన చోటికి, చీటీలో ఎవరి పేరుంటే వాళ్లతో, మారుమాట లేకుండా కాపురానికి పోవాలి.

చంద్రవ్వ వాళ్లది తరాలుగా పసుపు పండించిన ఇల్లు. ఆమె తల్లి రుక్మాబాయి గుమ్మడి పాదు చాటున ఇంకా నాలుగు దుంపలు పెట్టేది. తనిఖీకి వచ్చినవాళ్లు చేతులు చూస్తారని చంద్రవ్వ కాలువ గట్టున కూర్చుని బూడిదతో గోళ్లు తోముకునేది. ఏసుదానం ఆమెను మొదట చూసింది అప్పుడే. చూసి, చూడనట్టు పక్కకు తిరిగాడు.

"చెప్తవా?" అంది ఆమె.

"ఏమని?"

"నా గోర్లు పచ్చగున్నయని."

అతను తల అడ్డంగా ఊపాడు.

"నోటితోని చెప్పు. నీ మాటలకు గూడ తూమున్నదా ఏంది, తిప్పితే గాని రావా?"

"చెప్ప."

"అబ్బో! గంత పెద్ద మాట ఒక్కసారే అంటివి. ఇగ ఆదివారం దాంక మాట్లాడవు కావచ్చు."

అతనికి నవ్వొచ్చింది. ఆ ఏడాదంతా ఆమె మాట్లాడేది, అతను వినేవాడు.

ఏసుదానం కంటే ముందే చంద్రవ్వకు జోడీ చీటీ వచ్చింది. కోటగిరి అవతలి కోత క్యాంపు. ఆత్మారాం అనే, ఎప్పుడూ చూడని మనిషి. పది రోజుల్లో చేరాలి.

ఏసుదానం చిన్నమ్మ జ్ఞానమ్మ డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో ఆయా. అది మండలి హద్దు బయట. పైగా మండలి మనుషులు దేనికి బెదరకపోయినా ఆ ఆసుపత్రి గేటుకు బెదిరేవాళ్లు. చంద్రవ్వ అక్కడికి చేరిందంటే లోపలికి వచ్చి వెతికేవాడు ఉండడు. ఇద్దరూ కలిసి ఒక ఉపాయం అనుకున్నారు. శుక్రవారాలు కాలువ బందు. ఎండిన కాలువలో వంగి నడిస్తే హద్దు వంతెన కిందికి చేరవచ్చు. పన్నెండుకు ఫ్యాక్టరీ సైరన్ మోగగానే చౌకీవాళ్లు అన్నానికి గుడిసెలోకి పోతారు. అప్పుడు అవతలి గట్టెక్కి రోడ్డు పట్టుకోవాలి. తరువాతి శుక్రవారం అదే దారిన అతను రావాలి.

"నీళ్లు రావు గద?" అని అడిగింది ముందు రోజు.

"శుక్రారం తూముకు చెయ్యి పెట్ట."

"నాకు ఈత రాదు, యాదికుంచుకో."

"ఉంటది."

"ఒట్టు వెయ్యి మరి."

"మేం ఒట్లు వెయ్యం. అన్నమంటే అన్నట్టే."

"మీ దేవుడు మంచి అల్కటి దారి చూపెట్టిండు మీకు" అని నవ్వి వెళ్లిపోయింది.

మండలి ఎన్ని మార్చినా ఒకదాని జోలికి రాలేదు. కాలువ చివరి ఊళ్లో ఎవరైనా పోతే, శవానికి స్నానం చేయించడానికి నీళ్లుండవు. అప్పుడు ఆ ఇంటి మనిషి తూము దగ్గరికి వచ్చి తలపాగా తీసి నిలబడతాడు. బందు రోజైనా సరే, నీరడి ఎదురు ప్రశ్న వేయకుండా తూము చక్రం రెండు చుట్లు తిప్పాలి. వాటిని చావు నీళ్లు అంటారు. వీరస్వామి నలభై ఏళ్లలో ఒక్కసారీ కాదనలేదు. పని అప్పజెప్పేటప్పుడు కొడుకుకు గట్టిగా చెప్పింది ఈ సంగతి ఒక్కటే. చంద్రవ్వకు మాట ఇచ్చినప్పుడు ఏసుదానానికి అది గుర్తు రాలేదు.

శుక్రవారం ఇంకా సైరన్ కాలేదు. చివరి ఊరి లింబయ్య గట్టు వెంట రొప్పుతూ వచ్చాడు. తలపాగా తీశాడు.

"మా అవ్వ పోయింది బిడ్డా."

అవ్వ అంటే లింబయ్య తల్లి నాగవ్వ. ఏసుదానానికి తెలుసు. జాతరలో అతనికి పేలాలు పెట్టిన చెయ్యి.

"జర ఆగు కాక, సైరన్ కానియ్" అంటే సరిపోయేది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి? తల్లి పోయిన మనిషిని ఆగమన్న నీరడిని ఊరు ఏమంటుంది? బాపు ఏమంటాడు? ఇవన్నీ నిజంగా అనుకున్నాడో, తరువాత కల్పించుకున్నాడో అతనికే తెలియదు. చేతులు చక్రం మీదికి వెళ్లాయి. రెండు చుట్లు తిరిగాయి.

లింబయ్య వెనక్కి తిరగగానే ఏసుదానం గట్టు మీద పరుగెత్తాడు. నీళ్లు అతని కంటే ముందు పోయాయి.

వంతెన దగ్గరికి చేరేసరికి చంద్రవ్వ గట్టు మీద నిలబడి ఉంది. నడుము దాకా తడిసింది. మోచేతులు రాళ్లకు గీరుకుపోయాయి. ఇద్దరు చౌకీవాళ్లు ఆమె రెక్కలు పట్టుకున్నారు. మునిగిపోతానన్న భయంతో ఆమె వాళ్ల కళ్ల ముందే పైకి ఎక్కింది.

అందులో పెద్దవాడు ఏసుదానాన్ని చూసి పళ్లికిలించాడు.

"శభాష్ రా నీరడి పిలగా! ఎలుక బొర్రెల నీళ్లు వోసినట్టు వోస్తివి. మంచిగ పట్టిచ్చినవ్."

చంద్రవ్వ అతని వైపు చూసింది.

"నువ్వే ఇడిచినవా?"

అతను ఇడిచింది నిజం. తల ఊపాడు. నాగవ్వ పోయింది అన్న రెండు మాటలు అక్కడే అనవచ్చు. అంటే చౌకీవాళ్లకు ఇద్దరి సంగతీ తెలిసిపోతుందని భయపడ్డాడు. ఆమె ఇంకేమీ అడగలేదు. అతని పేరు కూడా ఎవరికీ చెప్పలేదు. చెరుకు ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కించి తీసుకుపోయారు.

మూడేళ్లకు కోతవాళ్లందరూ ఒక్క మాట మీద కత్తులు కింద పెట్టారు. చెరుకు పొలాల్లోనే పూత పూసి ఎండింది. మండలి పోయింది. జోడీ చీటీలు చెల్లవన్నారు. పోయినవాళ్లు చాలామంది తిరిగివచ్చారు. చంద్రవ్వ రాలేదు. చీటీలు పోయాక ఆత్మారాంతో ఒక్క రోజూ ఉండలేదనీ, కోటగిరిలో ఒక గది తీసుకుని బట్టలు కుడుతున్నదనీ రుక్మాబాయి చెప్పింది. రమ్మంటే, ఆ కాలువ ముఖం చూడనన్నదట, ఆ శుక్రవారం మాటే ఎత్తనివ్వదట.

ఒకనాడు చాయ్ హోటల్లో లింబయ్య కలిశాడు. ఆ నీళ్ల వల్లే చంద్రవ్వ దొరికిందని అప్పటికి ఊరందరికీ తెలుసు. లింబయ్య కప్పు కింద పెట్టాడు.

"గా దినం ఎండల ఉరికొచ్చిన. గట్టు మీద కూసోని ఒక్క బీడి తాగుదమనుకున్న. నువ్వు ఆగుమంటే ఆగుతుంటి గద బిడ్డా. అవ్వకేం తొందర?"

ఏసుదానం ముందు చాయ్ చల్లారింది.

కోటగిరి బస్సు అతను రెండుసార్లు ఎక్కాడు. ఒకసారి మధ్యలోనే దిగిపోయాడు. రెండోసారి ఆమె ఉండే గల్లీ దాకా వెళ్లాడు. తలుపు తెరిచే ఉంది, లోపల మిషన్ చప్పుడు వినిపించింది. చప్పుడు ఆగితే పిలుద్దామని నిలబడ్డాడు. ఆగింది. పిలవలేదు.

ఇప్పుడు తొంభై ఏడు. ఆ శుక్రవారం నీళ్లు ఎవరి కోసం వచ్చాయో చంద్రవ్వకు ఏసుదానం ఇంకా చెప్పలేదు.