బండి వణుకా, మనిషి వణుకా

పొద్దున్న ఏడింటికి వ్యాను తీయడం, కొండ మీది ఇళ్ళ పిల్లల్ని ఎక్కించుకుని మలుపులన్నీ దిగి స్కూల్లో దింపడం, సాయంత్రం మళ్ళీ పైకి చేర్చడం. ఆ డ్రైవరుకి ముప్ఫై ఏళ్ళుగా ఇదే లోకం. ఆయన వ్యానులో నిద్రపోయిన పిల్లలు స్కూలు దాకా లేవరని పేరు. ఆ పేరంటే ఆయనకి కాస్త, కాదు, బాగానే పొగరు.

అలాంటి వ్యానుకి వణుకు పట్టుకుంది. బ్రేకు మీద కాలు పడితే చాలు, స్టీరింగు గజగజ. పేరున్న షెడ్డుకి తీసుకెళ్తే ముందు చక్రాల బ్రేకు డిస్కులు మార్చారు. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలు. ఇంకో షెడ్డువాళ్ళూ అవే మార్చారు, మళ్ళీ అదే కథ. సొంత కోడలే మెకానిక్కు, వీధి చివరే ఆమె షెడ్డు. అయినా అక్కడికి తీసుకెళ్ళడు! పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు చూడండి, ఆ జబ్బుకి మందు లేదు.

చివరికి శుక్రవారం హెడ్మిస్ట్రెస్ పిలిచి చెప్పేసింది. "బండిలో అన్నీ కొత్తవే వేయించాం. ఇంక పాతవంటూ మిగిలినవి మీ చేతులే. సోమవారం నుంచి వేరే డ్రైవరు వస్తాడు."

ఆ రోజు ఆయనకి అన్నం సయించలేదు. ఎందుకంటే ఆ అనుమానం ఆయనకీ ఉంది. స్టీరింగు వణుకుతుంటే, దాన్ని పట్టుకున్న చేతులు వాటంతటవే వణుకుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? భార్యకి కూడా చెప్పుకోలేకపోయాడు. "ఒక్కసారి మీరే వచ్చి చూడండి మేడం" అని హెడ్మిస్ట్రెస్‌ని బతిమాలి, వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, శనివారం మధ్యాహ్నం కోడలి షెడ్డు ముందు వ్యాను ఆపాడు.

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇన్నాళ్ళకి దారి తెలిసిందా మావయ్యా?"

"ఎత్తిపొడుపులు తరవాత. ముందు చూడమ్మా."

"వణుకు స్టీరింగులోనా, సీట్లోనా?"

"స్టీరింగులో."

"అయితే ముందు చక్రాలే. మరి బ్రేకు వెయ్యనప్పుడు?"

"నున్నగా పోతుంది."

"అయితే టైర్ల తప్పు కాదు."

ఆమె నట్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి పట్టుకుని పక్క సీట్లోకి ఎక్కి, వేగంగా పోనిచ్చి బ్రేకు వెయ్యమంది. స్టీరింగు వణకగానే దాని మీద అరచెయ్యి వేసి, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు ఆ వణుకుని లాగేసింది. కొందరి చేతికి వంట కుదురుతుంది, ఈమె చేతికి వణుకు అంటుకొస్తుంది. పుట్టింటివైపు అందరికీ ఉన్నదే. దాన్ని ఆ డబ్బాలో వేసి మూత పెడితే డబ్బా ఆమె ఒళ్ళో గలగలలాడింది. "మూత గట్టిగా పెట్టమ్మా" అంది హెడ్మిస్ట్రెస్, కళ్ళజోడు సర్దుకుంటూ.

"ఇప్పుడు మళ్ళీ వెయ్యండి మావయ్యా."

ఆయన వేశాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. స్టీరింగు కదల్లేదు. దాని మీదున్న చేతులూ కదల్లేదు. బంగారంలాంటి చేతుల్ని పట్టుకుని తనే అనుమానించినందుకు ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఇది డబ్బాలో పూట కంటే ఎక్కువ నిలవదు, మళ్ళీ బండిలోకే పోతుంది. ఎక్కడ పుట్టిందో చూడాలి." షెడ్డుకి తిరిగొచ్చాక కోడలు డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. లోపల చుయ్యిమంది. మూతంతా చెమ్మ. ఆ చెమ్మని వేలితో తుడిచి, మామగారి వంక చూసింది.

"కొండ దిగి బండి ఆపగానే ఏం చేస్తారు?"

"ఏం చేస్తాను, స్కూల్లో కొత్తగా కుళాయి వేసినప్పట్నుంచీ పైపు పెట్టి కడుగుతాను. చక్రాలతో సహా. ఈ చుట్టుపక్కల మా వ్యానంత శుభ్రంగా ఏ వ్యానూ..." అక్కడ ఆగిపోయాడు.

కొండంతా బ్రేకు మీద దిగిన బండి. డిస్కులు కాలిన పెనంలా ఉంటాయి. వాటి మీద చన్నీళ్ళు కొడితే వంకర పోక ఏమవుతాయి? షెడ్లవాళ్ళు కొత్తవి వేస్తూనే ఉన్నారు, ఈయన మర్నాటి నుంచే వాటికి స్నానం చేయిస్తూనే ఉన్నాడు.

"దొరికిందా?" అని బయటినుంచి హెడ్మిస్ట్రెస్ అడిగింది.

ముప్ఫై ఏళ్ళ పేరు ఎక్కడ పోతుందోనని కోడలికి భయం వేసింది. "తుప్పు పట్టిందని చెప్పేస్తాను, మీరు ఊరుకోండి" అంది మెల్లిగా.

ఆయన ఊరుకోలేదు. ముందుకొచ్చి నిలబడ్డాడు. "తప్పు నాదే మేడం. వేడి చక్రాల మీద నీళ్ళు కొట్టి నేనే పాడుచేశాను. రెండు పెద్ద షెడ్లవాళ్ళు కనుక్కోలేకపోయారు. మా కోడలు అరగంటలో పట్టేసింది." మొదలుపెట్టినప్పుడు తలొంచుకునే ఉన్నాడు. కోడలి మాట వచ్చేసరికి తలెత్తాడు.

హెడ్మిస్ట్రెస్ ఆయన చేతులకేసి కాసేపు చూసింది. తరవాత ఫోను తీసి, సోమవారం రావలసిన మనిషిని రావద్దంది. వెళ్తూ వెళ్తూ, "స్కూల్లో ఇంకో నాలుగు వ్యాన్లున్నాయమ్మా, అవీ నువ్వే చూడు" అంది కోడలితో.

ఆ సాయంత్రం కోడలు కొత్త డిస్కులు బిగిస్తుంటే ఆయన పక్కనే నిలబడి స్పానర్లు అందించాడు. దారిన పోయేవాళ్ళు అడిగినా అడక్కపోయినా ఆపి, "మా కోడలు" అని మొదలుపెట్టాడు.