దగ్గు నేర్చిన గోరింక

మా అన్న వీరేందర్ దళం నుంచి పారిపోయి వచ్చి, ఇంటి అటక మీద దాక్కుని పదకొండు రోజులైంది. ఒళ్ళు కాలే జ్వరం, దగ్గు. దళానికి తెలిస్తే ద్రోహి అని చంపుతారు. పోలీసు క్యాంపు వాళ్ళకు దొరికితే ఏమవుతుందో మాలో ఎవరికీ తెలియదు. ఊళ్ళో మాత్రం మిర్చి కోతకు చర్ల పోయాడనే చెబుతున్నాం.

చూరుకు వేలాడే పంజరంలోని కొండగోరింక ఏ చప్పుడైనా పట్టేసి అచ్చం అలాగే పలుకుతుంది. ఆ పొద్దున అన్న దగ్గు పట్టింది. మగవాడి దగ్గు. నాన్న పోయాక మా ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, ఏడేళ్ళ చెల్లెలు సీత. పక్షిని వదిలేయమని అమ్మ అంది. మెడ తిప్పేసేదే, సీత చూస్తోందని ఆగింది.

కాల్పులు వినబడ్డప్పుడల్లా సీత ఏడుపు మాన్పడానికి నేనొక కథ అల్లి చెప్పేదాన్ని. అన్న వచ్చాక ఆ కథలోని మనుషులను కూడా అటకలు ఎక్కించాను. గోరింక పంజరం దాటి ఎగిరిపోయిన రోజున లడాయి ఆగిపోతుంది, అందరూ కిందికి దిగుతారు. అంతకంటే మంచి ముగింపు నాకు తోచలేదు.

పంజరం తలుపు సీతే తీసింది. ఏడుస్తుందనుకున్నాను. పక్షి కనుమరుగయ్యేదాకా చూసి నవ్వింది. ఎందుకని నేను ఆలోచించలేదు.

తర్వాత ఇద్దరం నీళ్ళకు పోయాం. బోరింగు కొడుతున్న పక్కింటి కోసి వదిన మా బిందెలు చూసి ఎప్పటిలాగే ఆట పట్టించింది.

"ముగ్గురు ఆడోళ్ళకు నాలుగు బిందెలా? అల్లుణ్ణి దాసిపెట్టిన్రా ఏంది?"

"అల్లుడు గాదు, మా అన్న," అంది సీత. "గోరింక పోయింది గద వదినా, లడాయి అయిపోయింది. ఇగ అటక దిగుతడు."

బోరింగు చప్పుడు ఆగింది. ఏదో ఒక అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను. అక్కడ ఆరుగురున్నారు. కోసి వదిన నా ముఖం చూడకుండా తన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. అమ్మ కుండలో మిగిలిన అన్నం గుడ్డలో మూటకట్టింది.

"దిగు బిడ్డా. పో. యాడికన్న పో."

పట్టపగలు, జ్వరంతోనే అన్న నిచ్చెన దిగాడు. సీత సంతోషంతో ఎగిరి వాడి మెడ పట్టుకుని వేలాడింది. ఎంత చెప్పినా వదల్లేదు. అమ్మ దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది.