మంచుకొండ కొస

పుల్లమ్మ సంచిలో లుంగీ, తువ్వాలు, గ్లాసు పెట్టింది. ఆధార్ కార్డునూ రేషన్ కార్డునూ ప్లాస్టిక్ కవరులో చుట్టి అడుగున దోపింది. మళ్లీ తీసి పైన పెట్టింది. అడుగున ఉంటే ఈ మనిషి వెతుక్కోడు, లేవని కూర్చుంటాడు.

"యాడికి పొమ్మన్నడు డాక్టరు? ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లే? ఖమ్మంల దిగాలె. మంచుకొండ కొసకు పోవాలె. పెద్ద దవాఖానా. ఇయ్యాలే పోవాలన్నడు," అన్నాడు ఆమె మొగుడు జంపయ్య, రొమ్ము మీద అరచెయ్యి ఆనించి.

మంచుకొండ ఖమ్మం అవతలి ఊరు. డాక్టరు రాసిచ్చిన చీటీ ఇంగ్లీషులో ఉంది. పుల్లమ్మ బడికి పోలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని తెలుగు నేర్చుకుంది. ఇంగ్లీషు ఆమెకూ రాదు.

"నేనూ వస్త."

"నువ్వొస్తే మేస్త్రి రేపు పనిల పెట్టుకుంటడా? గుండెల మంటకు ఇద్దరెందుకే, పెండ్లికి పోతున్నమా?"

మొదటి బస్సు ఎక్కించి ఆమె తోటకు పోయింది. పామాయిల్ గెల కిందపడ్డప్పుడు చెదిరిన పండ్లు ఏరడం ఆమె పని. పన్నెండేళ్లుగా అదే. గోళ్ల సందుల్లో విరిగిన ముళ్లు అక్కడే నల్లబడ్డాయి. నడుం వంగినచోటే ఉండిపోయింది. గెలలు కోసే జంపయ్య కొడవలి ఇవాళ ఇంకెవరో పట్టుకున్నారు.

"మొగుడు ఎగ్గొట్టిండా?" అని అరిచాడు మేస్త్రి లాల్‌సింగ్.

"గుండె నొస్తున్నదని దవాఖానాకు పోయిండు."

"కోత రోజే నొస్తయేంది మీ గుండెలు?"

ఆమె పిడికిట్లో పండు నలిగి, ఎర్రటి జిడ్డు మణికట్టు దాకా కారింది.

మధ్యాహ్నం, పక్కన పనిచేసే రాఘవమ్మ బజ్జీలు పెట్టింది. తిని, పుల్లమ్మ అలవాటుగా పొట్లం కాగితం విప్పి చదివింది. 'కల్తీ పాలు: దొరికింది మంచుకొండ కొసే.'

"ఇగో అక్కా, నా మొగుడు పోయిన ఊరు పేపర్ల పడ్డది," అని నవ్వింది.

కింద బొమ్మ ఉంది. నీటి మీద చిన్న తెల్లని మొన. నీటి కింద దానికి పదింతల గడ్డ. సముద్రంలో తేలే మంచుకొండలో పైకి కనిపించేది కొంచెమేనని, అందుకే దాగి ఉన్న పెద్ద ముప్పును ఆ మాటతో చెబుతారని రాసి ఉంది.

నవ్వు ఆగిపోయింది. డాక్టరు చెప్పింది ఊరు కాదు. రాఘవమ్మ ఫోను గుంజుకుని జంపయ్యకు చేసింది.

"ఏడున్నవ్?"

"మంచుకొండల. ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగిన. గసుంటి దవాఖానా లేదంట. చెమటలు పోస్తున్నయే."

"అది ఊరు కాదయ్యా, మాట! పైకి నొప్పి చిన్నగున్నది, లోపల రోగం పెద్దగున్నదని చెప్పిండు!"

"గట్లనే చెప్పొచ్చు గద?"

"ఆటో పట్టుకో. ఖమ్మం పో, జల్దీ!"

"అవ్," అన్నాడు.

పుల్లమ్మ ఒళ్లంతా మండింది. 'గుండె ఆగేలా ఉంది, పరుగెత్తు.' ఈ రెండు ముక్కలు రావా ఆ డాక్టరు చదువుకు? సముద్రమే చూడని మనిషికి సముద్రంలోని మంచును చూపిస్తాడా? అర్థమైందా అని ఒక్కసారి అడిగితే ఆయన నోరు అరిగేదా? తనను తానూ తిట్టుకుంది. ఊరి పేరు వినగానే నమ్మింది. ఒక్కణ్నే బస్సెక్కించింది.

ఆటో ఖమ్మం దవాఖానా ముందు ఆగేసరికే ఊపిరి పోయింది. 2024 ఏప్రిల్ 16, మంగళవారం పొద్దున పోయిన జంపయ్య ఇంటికి తిరిగి రాలేదు.