మూసలో చిక్కిన గంట

గంటను మూసలోంచి తీయాలంటే మూసను పగలగొట్టాలి. ఇందులో తెలియనిదేముంది? కంచు కరిగించి మట్టి మూసలో పోస్తారు, రెండు రోజులు చల్లారనిస్తారు, తర్వాత సుత్తి పుచ్చుకుని మట్టిని రాలగొడతారు. వీధిలో పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి, జాతీయ వారసత్వ శాఖవారి మూడంతస్తుల మేడలో ఒక్కరికీ తెలియదు. గంటలమ్మ అని వీధంతా పిలిచే పోతపనావిడ మూడు వారాలుగా ఆ మేడ ఎక్కి దిగుతోంది.

ఆమె తండ్రి నలభై ఏళ్లు గంటలు పోశాడు. ఏ గంటైనా సరే, ఆయన విని "పలికింది" అంటేనే కొలిమిశాల గడప దాటేది. ఇప్పుడాయన చెవులు పోతున్నాయి. ఎడమది ఎప్పుడో పోయింది. కుడిది మహా అయితే నెల అని డాక్టరు చెప్పేశాడు. అందుకే గంటలమ్మ ఆదరాబాదరాగా తన మొదటి గంట పోసింది. మట్టి కలపడం దగ్గర్నుంచి కంచు ఒంపడం దాకా ఆయన్ను వేలు పెట్టనివ్వలేదు. ఆయన ఒక్కసారి విని, పలికిందో లేదో చెబితే చాలు. ఆ మాట చెప్పగల మనిషి ఊళ్లో ఇంకొకరు లేరు.

మూస చల్లారుతుండగా ఆమె బొగ్గుల కోసం వెళ్లింది. సరిగ్గా అప్పుడే శాఖవాళ్లు సర్వేకి దిగారు. కొత్త విధానం వచ్చిందట. దేశ వారసత్వాన్ని కాపాడాలట, దాంతోనే అభివృద్ధి సాధించాలట. మసిబారి మూలనున్న మూసను చూసి వాళ్లు మురిసిపోయారు. కూతురి పనితనం చూడ్డానికి ఇంతమంది వచ్చారని ముసలాయనా మురిసిపోయి, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. మూస లారీ ఎక్కింది.

"ఎవరో ఏమిటో అడగక్కర్లేదా నాన్నా?" అంది గంటలమ్మ, ఖాళీ మూలను చూస్తూ.

"మర్యాదస్తులేనే. చేతులకి తెల్ల తొడుగులు వేసుకుని మరీ ఎత్తారు."

మర్నాడే ఆమె పరిరక్షణ ఆఫీసరు ఎదుట నిలబడింది.

"అందులో గంట ఉంది సార్."

ఆయన రిజిస్టరు తిప్పాడు. "రెండొందల పన్నెండు. ప్రాచీన మట్టి పాత్ర, తలకిందులుగా ఉన్నది. గంట అని ఎక్కడా లేదే?"

"ప్రాచీనమేంటి సార్, మొన్న మంగళవారం చేశాను. పగలగొట్టి చూపిస్తాను, ఇవ్వండి."

ఆయన కళ్లజోడు తీశాడు. "వారసత్వాన్ని పగలగొడతానని వారసత్వ శాఖకే వచ్చి చెబుతున్నారా తల్లీ? అర్జీ రాసివ్వండి."

ఇచ్చింది. అర్జీతోపాటు వస్తువు ఫొటో పెట్టాలన్నారు. ఫొటో తీయబోతే, వస్తువులను ఫొటో తీయకూడదన్నారు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. గుమాస్తా నాలుగు రోజులు సెలవు పెట్టాడు. అతను తిరిగొచ్చాక ఆఫీసరు సెమినారుకి వెళ్లాడు. ఏం సెమినారు? వారసత్వాన్ని సత్వరంగా కాపాడటం ఎలా అనే సెమినారు.

ఇంట్లో మాత్రం కాలం ఎవరి సంతకం కోసమూ ఆగలేదు. మొదటి వారం తలుపు చప్పుడైతే నాన్న తిరిగి చూసేవాడు. రెండో వారం గట్టిగా పిలిస్తే చూసేవాడు. మూడో వారం భుజం తట్టాల్సి వచ్చింది. "వచ్చిందా?" అని మాత్రం రోజూ అడిగేవాడు. ఆమె తల అడ్డంగా ఊపి, పొయ్యి దగ్గరికి పోయి ఏడ్చేది.

ఇక విసిగిపోయి ఒకరోజు మూడో అంతస్తుకి, అభివృద్ధి ఆఫీసరు దగ్గరికి ఎక్కింది. ఆయన గోల ఆయనది. శుక్రవారం ప్రదర్శనశాల ప్రారంభోత్సవం, జనం ముందు చేతిపని చేసి చూపించడానికి ఒక్క పనివాడూ దొరకలేదు.

"నేను చేస్తాను సార్. కింద రెండొందల పన్నెండు నంబరు సామాను కావాలి."

"వాడుకోండమ్మా, మీ ఇష్టం," అంటూ ఆయన తలెత్తకుండానే సంతకం గీకేశాడు. ఆ రెండు గదుల మధ్య రెండే మెట్ల వరుసలు. అయినా ఆయనా ఈయనా ఒక్క మాట మాట్లాడుకుంటే ఒట్టు.

శుక్రవారం నాన్నను ముందు వరసలో కూర్చోబెట్టి, గంటలమ్మ సుత్తి ఎత్తింది. మొదటి దెబ్బకే మట్టి పెళ్లలు రాలాయి. పరిరక్షణ ఆఫీసరు పరుగున వచ్చాడు. ఆమె కాగితం చూపించింది. ఆయన ఆ సంతకాన్ని రెండుసార్లు చదువుకుని, నేలమీద చతికిలబడ్డాడు.

"పెంకులు ఎవరూ ముట్టుకోవద్దు! రెండొందల పన్నెండు బై ఒకటి, బై రెండు..."

"మరి గంటో?"

"దానికి నంబరు లేదు. తీసుకుపోండి."

లోపలి మట్టి తోడేసి, గంటను ఇనప స్టాండుకు వేలాడదీసి, ఆమె కొయ్య సుత్తితో ఒక్కటి కొట్టింది. హాలంతా మోగింది. అద్దాల బీరువాలు సన్నగా అదిరాయి. జనం చప్పట్లు కొట్టారు. ఆమె ఎవరినీ చూడలేదు, నాన్న మొహమే చూసింది.

"కొట్టవేంటే, ఇంకా ఎందుకు ఆలస్యం?" అన్నాడాయన.

ఆమె ఆయన్ను లేపి నడిపించుకొచ్చి, అరచేతిని గంట నెత్తిమీద ఆనించింది. మళ్లీ కొట్టింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. చప్పట్లు ఆగాయి, జనం ఫలహారాల వైపు కదిలారు, ఆఫీసరు బై పదిహేడు దాకా వచ్చాడు. గంటలో చివరి వణుకు అణిగేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.

"పలికింది," అన్నాడు. తర్వాత కింది అంచును బొటనవేలితో తడిమాడు. "పెదవి కాస్త మందమైంది. రెండోది పల్చగా పొయ్యి."