బైండింగులో ఉంది

నిఘంటువు వీపు ఊడిపోయి వచ్చింది. బైండరమ్మ దాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, ఎండిపోయిన పాత జిగురును మొద్దుకత్తితో గీకుతోంది. పెళ్ళయిన కొత్తలో ఈ గ్రంథాలయంలో చేరింది. అప్పటినుంచీ ఈ వెనకగదే ఆమె లోకం. వంగి వంగి కుడిభుజం కాస్త కిందికి జారింది. వేళ్ళ పగుళ్ళలో మైదాజిగురు తెల్లగా పేరుకుని, ఎంత తోమినా పోదు.

కిటికీ దగ్గర ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చి నిలబడ్డారు.

"ఆంటీ, పశువుల డాక్టరు నవల వచ్చిందా?"

"బైండింగులో ఉంది."

"పోయిన వారమూ అదే అన్నారు."

"పెద్ద పుస్తకం. కుట్టొద్దూ?"

వాళ్ళు మూతులు ముడుచుకుని వెళ్ళారు. ఆ నవలకు ఏ జబ్బూ లేదు. పాత గుడ్డలో చుట్టుకుని ఆమె బల్లకింద హాయిగా పడుకుని ఉంది. ఆ నవల సినిమాగా విడుదలైన రోజే దాన్ని అక్కడ దాచింది.

నవలలో డాక్టరు మాటకారి కాదు. కోపమొచ్చినా, ప్రేమొచ్చినా అతని చేతుల్లోనే కనిపిస్తుంది. మనసుపడ్డ అమ్మాయి వాళ్ళ ఆవు ఈనలేక అల్లాడుతుంటే, వానలో తడుస్తూ వచ్చి దూడను బయటికి లాగి, చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు. ఇష్టమనే మాట పుస్తకమంతా వెతికినా దొరకదు. సినిమాలో మాత్రం స్టేషన్లో పరుగెత్తి, ఊరంతా వినేలా ఆ మాటే అరుస్తాడట. ఆ అరుపుకే హాలంతా ఈలలట. నిన్నగాక మొన్న పుట్టినవాళ్ళు అతని బొమ్మ ఫోన్లకు అంటించుకుని "మా డాక్టరు" అంటుంటే బైండరమ్మకు కడుపు మండిపోయేది.

అయినా అసలు సవతి వీళ్ళు కాదు. ఇంట్లోనే ఉంది.

భర్తకు అక్క, తనకు వదిన. పెళ్ళైన ఏడాదికే మొగుడు పోతే ఆవిడ తమ్ముడింటి మేడమీద గదికి వచ్చేసింది. కొత్తకోడలికి ఆ నవల చేతిలో పెట్టింది ఆవిడే. ఇద్దరూ పప్పు ఏరుతూ, బట్టలు మడతపెడుతూ ఆ డాక్టరు గురించే మాట్లాడుకునేవారు. ఆయన ముందు నావాడు, నీకు నేనిచ్చాను అనేది వదిన. ఇచ్చినదాన్ని తిరిగి అడగకూడదు అనేది మరదలు. ఒకరినొకరు సవతీ అని పిలుచుకునేవారు. "ఇద్దరు పెళ్ళాలూ ఆయనకే వండిపెడితే నా గతేమిటి?" అని భర్త నవ్వేవాడు.

అలాంటి వదిన, పక్కింటివాళ్ళతో కలిసి తనకు చెప్పకుండా సినిమాకు వెళ్ళొచ్చింది. పైగా "అరిచాడే, ఎంత బాగా అరిచాడో" అంది. ఆ రోజునుంచి బైండరమ్మ మేడమెట్లు ఎక్కలేదు. వదినకు గుండె నీరసించి మంచం పట్టిందని తెలిసినా, భోజనం భర్తచేతే పంపింది.

పొద్దున భర్త అడగనే అడిగాడు.

"అక్క ఆ పుస్తకం కావాలంటోంది."

"బైండింగులో ఉంది."

"చేసేది నువ్వే కదే."

ఆమె సంచి తీసుకుని పనికి వచ్చేసింది. మధ్యాహ్నం అతనే ఫోను చేశాడు. "ఇక నువ్వు తేనక్కర్లేదులే. పక్కింటి పిల్ల ఫోనులో దొరికిందట. సాయంత్రం వచ్చి చదివి వినిపిస్తానంది."

బైండరమ్మ కత్తి పక్కన పెట్టింది. ఆ పిల్ల గొంతులో ఆయనా? నిఘంటువును చెక్కల్లోనే వదిలేసి, గుడ్డమూట చంకన పెట్టుకుని, ఎన్నడూ లేనిది పొద్దుండగానే ఇంటికి బయల్దేరింది.

వదిన దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు వాచి, ముఖం మాత్రం పీక్కుపోయింది.

"బైండింగు అయిందా?"

"అయింది."

"అట్ట పాతదే కదే."

"లోపల కుట్టాను."

వదిన నవ్వబోయి ఆయాసపడింది. "ఆగు. ఆయనొస్తున్నాడంటే ఈ జుట్టేమిటి? కాస్త దువ్వు."

బైండరమ్మ దువ్వింది. ఒకప్పటి పిడికెడు లావు జడ వేలంత సన్నబడింది. లోపల నెత్తి గులాబీరంగులో, పసిపిల్లదిలా కనబడుతోంది. వదిన కళ్ళు మూసుకున్నాక అదే దువ్వెనతో తన ముంగురులు కూడా రెండుసార్లు సర్దుకుంది.

"చూశాలే," అంది వదిన, కళ్ళు తెరవకుండానే.

స్టేషను అధ్యాయం అడిగింది. బైండరమ్మ మొదలుపెట్టింది. రైలొచ్చింది, ఆ అమ్మాయి ఎక్కింది, డాక్టరు కిటికీలోంచి గొడుగు అందించాడు. అక్కడ ఒక వాక్యం ఉంది. బైండరమ్మ దాన్ని చదవకుండా దాటేసి, రైలు కదిలింది అంది.

"ఒక ముక్క మింగావు."

"ఏ ముక్క?"

"'గొడుగు మీరు మళ్ళీ వచ్చినప్పుడు ఇద్దురుగాని.'"

మెల్లగా, బరువు లేకుండా, ఎటో చూస్తూ అన్నట్టుగా అంది. ఇన్నేళ్ళుగా బైండరమ్మ చెవిలో డాక్టరు మాటగా వినిపించింది అచ్చంగా ఆ గొంతే. తనొక్కదానికే వినిపిస్తుందనుకుంది. ఒళ్ళు మండింది.

"ఇంత తెలిసినదానివి, ఆ అరుపు ఎలా నచ్చిందమ్మా నీకు?"

వదిన చాలాసేపు ఊపిరి కూడదీసుకుంది.

"నీకు మా తమ్ముడున్నాడు. పొద్దున లేస్తే బంగారం అంటాడు, పడుకునేముందు తిన్నావా అంటాడు. మెట్లకింద నుంచి నాకన్నీ వినబడతాయి. నాతో ఎవరన్నారే? ఒక్కసారి ఎవరైనా గట్టిగా అంటే విందామనిపించింది."

బైండరమ్మ చేతిలో పుట తిరగలేదు. ఈ మెట్లకు పైన ఒక మనిషి చెవులుంటాయని ఆమెకు ఏనాడూ తోచలేదు.

"మళ్ళీ చదువు," అంది వదిన. "ఈసారి మింగకు."

చదివింది. గొడుగు దగ్గర ఆగి, ఆ వాక్యాన్ని నిదానంగా, పూర్తిగా చదివింది. వదిన కళ్ళు మూసుకునే ఉంది. నిద్రపట్టిందేమో, లేపడమెందుకని గొంతు తగ్గించి అధ్యాయం చివరిదాకా చదివింది. పుస్తకం మూసి, దుప్పటి సర్దబోయి పాదం తాకింది. చల్లగా ఉంది. ముక్కుదగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది.

"బంగారం, పైనున్నావా? రాజీపడ్డారా ఇద్దరూ?" అంటూ భర్త మెట్లెక్కుతున్నాడు.

"గట్టిగా అరవకండి," అంది బైండరమ్మ. అని, అన్నందుకు పెదవి కొరుక్కుంది.

దిండు పక్కన దువ్వెన పడి ఉంది. దాని పళ్ళమధ్య తెల్లవెంట్రుకలు, ఇంకా నలుపు వదలనివి రెండు, ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి.