పిల్ల ఎట్లాంటిది?

ఆరా తీయడం నా పుట్టుబుద్ధి. పోలీసు స్పెషల్ బ్రాంచిలో చేరాక ఆ బుద్ధికి జీతం కూడా వస్తోంది.

ఆ రోజు తహసీన్ అనే అమ్మాయి గురించి బెల్లంపల్లి పోయాను. హైదరాబాదులో రక్షణశాఖ ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం వచ్చింది. రహస్య పత్రాల దగ్గర పని కాబట్టి, మనిషి నమ్మదగినదని తేలితేనే చేరనిస్తారు. తండ్రి చనిపోయిన ఏడాది డిప్రెషన్‌కు మందులు వాడాననీ, ఆ రోజుల్లోనే హాస్టల్ కిటికీ అద్దాలు పగలగొట్టి ఏడాదిపాటు సస్పెండ్ అయ్యాననీ ఆమే ముందుగా చెప్పుకుంది. డాక్టరునూ కాలేజీ వాళ్లనూ అడిగాను, రెండూ నిజమే. ఇక మిగిలింది ఇరుగుపొరుగు.

మఫ్టీలో వెళ్లి, మక్బూల్ అని పేరు మాత్రం చెప్పాను. "తహసీన్ ఎట్లాంటి పిల్లవ్వా? కోపం గీపం ఉందా? జబ్బులేమన్న?" అని పక్కింటి చంద్రవ్వను అడిగాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసి కుర్చీ వేసింది. "బంగారమసొంటి పిల్ల. తలెత్తి మాట్లాడది. ఎన్నడు దగ్గు గూడ రాలే."

"మరి ఒక ఏడు కాలేజీకి పోలేదట?"

"ఆదిలాబాద్‌ల చిన్నమ్మ కాడికి పోయింది. గా చిన్నమ్మకు కాన్పాయె."

ఎదురింటి మంజుల మాత్రం పెద్దపల్లిలో కుట్టుపని నేర్చుకుందని చెప్పింది. కిరాణా సాదిక్ అయితే ఆ పిల్ల ఊరే దాటలేదన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక్క మనిషి ఒకే ఏడాది మూడు చోట్ల ఎలా ఉంటుంది? అబద్ధాలు చెప్పమని ఆమే పురమాయించి ఉంటే, ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

తేల్చుకుందామని మళ్లీ చంద్రవ్వ దగ్గరికే వచ్చాను. చాయ్ చేతికిచ్చి ఆమే గొంతు తగ్గించి అడిగింది.

"గన్ని అడిగినవ్ గని, మీ పిలగాడు ఏం జేస్తడో చెప్పకపోతివి?"

"ఏ పిలగాడు?"

"పెండ్లికొడుకు!"

నవ్వాపుకోలేకపోయాను. సంబంధం చూడవచ్చినవాళ్లు అడిగేవన్నీ వరసబెట్టి అడిగాను మరి! ఆడపిల్ల గురించి అడిగితే వాడకట్టంతా మంచే చెబుతుంది, మా వాడకట్టులోనూ అంతే. గుర్తింపు కార్డు చూపించి, ఆ పిల్ల ఉద్యోగం కోసం విచారణకు వచ్చానని చెప్పాను.

చంద్రవ్వ ముఖం మాడిపోయింది. "నా నోట్ల మన్నువడ! పిల్ల కొలువు పోగొట్టిన్నా సారూ?" కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏడికీ పోలే. ఇంట్లనే ఉండె. తిండి తినకపోయేది. వాళ్లమ్మ హఫీజా పనికి పోతే నేనే పక్కన కూసుండి గోళీలు ఏసిన. ఇప్పుడు మంచిగున్నది. జర గిది రాయకు."

"గదే రాస్తనవ్వా. బీమారి వస్తే ఫికర్ లేదు, దాచిపెడితేనే పరేషాన్. ఆఖరి మాట పైవాళ్లది గని, గా పిల్ల ఏదీ దాచలే."

చంద్రవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఏదో ఆలోచిస్తూ నా వైపే చూసింది.

"పోలీసోళ్లకు చెప్తే ఏం కాదంటున్నవ్. మరి పెండ్లోళ్లకు చెప్తే?"

అప్పుడే కూరగాయల సంచీతో గుమ్మంలోకి వచ్చిన తహసీన్ ఆ మాట వినేసింది.

"వాళ్లకు గూడ నేనే చెప్తనవ్వా. గది ఇన్నంక గూడ వచ్చేటోళ్లే రానీ."

దేశ రహస్యాల దగ్గర ఆ పిల్లను నిక్షేపంగా కూర్చోబెట్టవచ్చని రాయడానికి నాకే సందేహమూ లేదు. కానీ మా ఇంట్లో పెళ్లీడు కొడుకున్నాడు. మీ పిలగాడు ఏం చేస్తాడని చంద్రవ్వ మళ్లీ అడుగుతుందేమోనని, తల దించుకుని చాయ్ తాగాను.