గంప దించుకునే గట్టు

పడగొట్టే ముందు మేడ మీదున్న సిల్వరు రంగు షీట్లు ఊడదీసి అమ్ముకుందామన్నది ఢిల్లేశ్వరరావు ఆలోచన. తారకేశ్వరరావు సరేనన్నాడు. మేడే పోతుంటే దాని చొక్కా ఎటు పోతేనేం?

కాశీబుగ్గ బజారులో ఆ మేడ అతని తాత కట్టించింది. చీరలు, బిందెలు, లాంతర్లు, వలనూలు, అన్నీ ఒక్క కప్పు కిందే అమ్మేవారు. తండ్రి హయాం వరకూ సంత రోజున కాలు పెట్టడానికి చోటుండేది కాదు. తన చేతికొచ్చాక తారకేశ్వరరావు పెద్ద ఊళ్ల షోరూములు చూసొచ్చి, ముందువైపంతా షీట్లు కప్పించాడు. నాలుగు గుమ్మాల్లో మూడు మూయించి, మిగిలినదానికి అద్దాల తలుపు పెట్టించాడు. ఏసీ పెట్టించాడు. అప్పటినుంచే బేరాలు పలచబడ్డాయి. పాత మేడ కదా, జనానికి మొహం మొత్తిందనుకున్నాడు. బావమరిది ఢిల్లేశ్వరరావు కాంట్రాక్టరు. పడగొట్టి కాంప్లెక్సు కడదామన్నాడు. సాయంత్రం సంతకాలు. తాత పెట్టిన కొట్టు మనవడి చేతుల్లో మూతపడిందన్న మాట మాత్రం ఊళ్లో ఉండిపోతుంది. అదే లోపల ముల్లులా కదులుతోంది.

షీట్లు దిగాయి. పావురాల గూళ్లు, దుమ్ము, వాటి వెనక నాలుగు గుమ్మాల మీదా నాలుగు గచ్చు బొమ్మలు బయటపడ్డాయి. చేప, దీపం, బిందె, రాట్నం. చేప గుమ్మంలో వలనూలు, రాట్నం గుమ్మంలో చీరలు; చదువు రానివాళ్లు బొమ్మ చూసి గుమ్మం ఎక్కేవారు. చిన్నప్పుడు తండ్రి భుజమెక్కి ఆ చేప తోక ముట్టుకున్న సంగతి తారకేశ్వరరావుకి చప్పున గుర్తొచ్చింది.

"బాగున్నాయి బావా. ఫొటో తీసి కాంప్లెక్సులో ఫ్రేము కట్టిద్దాం," అన్నాడు ఢిల్లేశ్వరరావు.

తర్వాత, షీట్లతోపాటే వరండాకి కొట్టించిన చెక్కలు తీయించారు. వాటి వెనక, గోడ పొడవునా, భుజాలెత్తున ఒక గట్టు.

"ఇదేటి బావా? కూకోడానికీ కాదు, పడుకోడానికీ కాదు. మీ తాత ఏ మత్తులో కట్టించినాడేటి?"

తారకేశ్వరరావు నవ్వాడు గానీ, అదెందుకో అతనికీ తెలీదు. చిన్నప్పుడు రోజూ చూసిందే, ఎప్పుడూ అడగలేదు.

అంతలో రోడ్డు దాటి అప్పలనరసమ్మ వచ్చింది. నువ్వలరేవు మనిషి, నెత్తిన చేపల గంప. తలెత్తి చేప బొమ్మ చూసి, తిన్నగా వరండా ఎక్కింది. పట్టమని ఎవరినీ పిలవలేదు. గట్టుకి ఎదురుగా నిలబడి మెడ కాస్త వంచింది. గంప జారి గట్టు మీద కూచుంది.

"అమ్మయ్య! మల్లా తెరిసినారేటి బాబూ? వలనూలు ఉన్నాదా?"

"నువ్వు మా కొట్టుకి వచ్చేదానివా అమ్మా?"

"బాగుంది! మీ నాన్న ఉన్నన్నాళ్లూ ఇక్కడే కొన్నాను. నువ్వు అద్దాల తలుపెట్టీసినావు. గంప ఎవుడు దించుతాడు? తలుపుకాడ నీ మనిషి ముక్కు మూసుకున్నాడు. మా రేవోల్లం ఎవులమూ మల్లా రానేదు."

తారకేశ్వరరావు అద్దాల తలుపు వైపు చూశాడు. మొహం మొత్తింది జనానికి కాదు, తనకే.

"వలనూలు శనివారానికి తెప్పిత్తానమ్మా," అన్నాడు. నోరు ఆ మాట అనేశాక గానీ అతనికి తెలియలేదు.

"శనివారానికి ఈ మేడుంటుందేటి బావా?" ఢిల్లేశ్వరరావు గొణిగాడు.

గంప నుంచి చేపల నీళ్లు కారుతున్నాయి. గట్టు మీద వేలంత వెడల్పు గాడి ఉంది. నీళ్లు అందులో పడి, ఎక్కడా ఆగకుండా, మూలనున్న బొక్కలోంచి కాలువలోకి దిగిపోయాయి. వరండా మీద చుక్క పడలేదు. ఢిల్లేశ్వరరావు ఆ నీటి వెంట మూల దాకా నడిచాడు, వంగి చూశాడు, గచ్చు మీద గోటితో గీశాడు.

"వాటం సూసినావా బావా! ఇన్నేళ్లయినా ఇసుమంత కుంగనేదు. ఇప్పుడు నా మేస్త్రీలు బాత్రూముకే ఇంత వాటం ఇవ్వనేరు."

"మరి పడగొట్టీమంతావా?"

ఢిల్లేశ్వరరావు చేతులు దులుపుకున్నాడు. "నాకేటి తెలుసు? వ్యాపారం నీది. నడుత్తాదో నేదో..."

"దసరా దాకా సూద్దాం. సంతకాలు పక్కనెట్టు. ముందు ఆ మూడు గుమ్మాలూ తెరిపించు. ఆ పనీ నీకే."

"కాంప్లెక్సు ఇత్తానని తలుపులిచ్చినావు. మా అక్కతో సెప్తానుండు."

అప్పలనరసమ్మకి వాళ్ల గొడవ పట్టలేదు. కొంగు నడుముకి దోపుకుంది. "బాబూ, గంప సూత్తుండు. మందులకొట్టు దాకా ఎల్లొత్తాను. శనివారం మా వోల్లని కూడా తెత్తాను," అంటూ దిగిపోయింది.

చేప బొమ్మ మీద అప్పటికే ఓ కాకి వాలి గంపలోకి తొంగిచూస్తోంది. తారకేశ్వరరావు భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు.

"షావుకారు సేపలకి కాపలా!" అని పగలబడి నవ్వాడు ఢిల్లేశ్వరరావు.

"నువ్వూ ఆ పక్క నిలబడు," అన్నాడు తారకేశ్వరరావు. "ఇంకో కాకి వత్తంది."